డబ్బా విప్పి చూపే పనితనం

బారిడీహ్, సిద్‌గోరా, బిర్సానగర్. జంషెడ్‌పూర్‌లోని ఈ మూడు పేటలను జావాలో లిస్ట్‌గా ప్రింట్ చేస్తే పేర్లే వస్తాయి. అర్రేగా పెడితే మాత్రం రకం పేరు, ఎట్ గుర్తు, దాని వెనక హెక్సాడెసిమల్ అంకెలు. అర్రేలను చదవగలిగేలా చూపే సాధనాలు 2004లో జావా 5తో గానీ రాలేదు. సీ షార్ప్ ఇంకా మొండిది: లిస్ట్ అయినా సరే, రకం చెప్పి ఊరుకుంటుంది.

అర్ధరాత్రి లాగ్ ముందు కూర్చున్న ప్రోగ్రామర్‌కు రకంతో పనేముంది? ఏ పేట జారిపోయిందో తెలియాలి. ఏది వచ్చినా విప్పి చూపే చిన్న ఫంక్షన్ రాసిపెట్టినవాళ్లంటే అందుకే నాకు గౌరవం.

వాళ్ల నేర్పంతా ఏది ముందు అడగాలన్న దాంట్లో ఉంది. మొదట నల్. వెంటనే స్ట్రింగ్, ఎందుకంటే అదీ అక్షరాల వరుసే. ఆ తనిఖీ మరిస్తే ‘బారిడీహ్’ 8 ముక్కలవుతుంది. దీర్ఘాలు, గుడులు, చివరి పొల్లు దేనికది ఊడి పడతాయి. పైథాన్‌లో ఒంటి అక్షరం కూడా స్ట్రింగే కాబట్టి ఆ తవ్వకం రికర్షన్ ఎర్రర్ వచ్చేదాకా ఆగదు.

తనలో తననే పెట్టుకున్న లిస్ట్ ఎదురైతే పైథాన్ మూడు చుక్కలు పెట్టి తప్పుకుంటుంది. పొడవైన లిస్ట్‌లలో దాని రెప్ర్‌లిబ్ మాడ్యూల్ మామూలుగా 6 అంశాలే చూపుతుంది. జనరేటర్ సంగతి వేరు, చదివితే ఖర్చైపోతుంది. దాన్ని ముట్టకుండా పేరు రాసి వదిలేసే ఫంక్షన్‌నే నేను ఎక్కువ మెచ్చుకుంటాను.