తెల్ల చీర ముందు తడబడే మీటరు

మధుపర్కాలు కట్టుకుని వధూవరులు పీటల మీద కూర్చున్నారంటే ఫ్రేములో సగానికి పైగా తెలుపే. ఆటోలో ఉన్న కెమెరా ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. చీర బూడిద రంగుకు దిగుతుంది, పెళ్లికూతురి మొహం నల్లబడుతుంది. అదే కెమెరా రిసెప్షన్‌లో నల్ల సూటును చూసి వెలుతురు చాల్లేదనుకుంటుంది. ఈసారి పెళ్లికొడుకు పాలిపోతాడు.

మీటరుకు చీర తెలియదు, సూటు తెలియదు. తిరిగొచ్చే వెలుతురునే కొలుస్తుంది. ఎదురుగా ఉన్నదంతా కలిపితే నడిమి బూడిద రంగు, అంటే పద్దెనిమిది శాతం వెలుతురును వెనక్కి పంపే రంగు అవుతుందన్న లెక్కమీద నడుస్తుంది. తెల్లటి బట్ట తొంభై శాతం దాకా పంపుతుంది. తేడా రెండు స్టాపులు దాటింది.

ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికి కంపెనీలు పడని పాటు లేదు. 1983లో నికాన్ ఎఫ్‌ఏ ఫ్రేమును ఐదు ముక్కలు చేసి కొలిచింది. 1996 నాటి ఎఫ్‌5కి 1005 పిక్సెళ్ల రంగుల మీటరు పెట్టి, ముప్పై వేల దృశ్యాల సమాచారంతో పోల్చి చూసుకోమంది. ఇప్పటి కెమెరాలు మొహాన్నీ కంటినీ కూడా పట్టేస్తున్నాయి. అన్నీ గొప్పవే. కానీ అన్నీ వేసుకునే ప్రశ్న ఒకటే: ఇదేం దృశ్యం?

నా ఫిర్యాదు ఆ ప్రశ్న మీదే. నెగెటివ్ ఫిల్మ్ కాస్త ఎక్కువ వెలుతురు పడ్డా ఓర్చుకునేది. డిజిటల్ సెన్సార్‌కు ఆ ఓర్పు లేదు. నిండిన పిక్సెల్‌లో ఇక వివరమంటూ మిగలదు. నీడలను తరవాత ఎంతో కొంత పైకి లాగొచ్చు, కాలిపోయిన జరీ అంచును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. కాబట్టి అడగాల్సింది, వదులుకోకూడని వెలుగుల్లో అన్నిటికన్నా ప్రకాశవంతమైనది హద్దులోపల ఉందా లేదా అని. ఫోటోగ్రాఫర్ మైకేల్ రైక్‌మన్ 2003లోనే రాసిన పద్ధతి ఇది: హైలైట్లు కాలనంతవరకూ హిస్టోగ్రామ్‌ను కుడివైపుకి జరపడం.

మిర్రర్‌లెస్ కెమెరాలో మీట నొక్కకముందే సెన్సార్ దృశ్యాన్ని చదువుతూ ఉంటుంది. జవాబు చేతిలోనే ఉంది. అయినా మనకు చూపించే హిస్టోగ్రామ్ సాధారణంగా జేపెగ్‌ది. రా ఫైల్లో ఇంకా చోటున్నా నిండిపోయిందంటుంది.

2014లో నికాన్ డీ810 హైలైట్లకు ప్రాధాన్యమిచ్చే మీటరింగ్ తెచ్చింది. మంచి అడుగే, కాకపోతే మరీ పిరికిది. మండపం వెనక ఒక్క ఎల్‌ఈడీ లైటు కనబడితే చాలు, మొత్తం చీకటి చేయగలదు. కానన్ కెమెరాల కోసం ఔత్సాహికులు రాసిన మ్యాజిక్ లాంటర్న్ ఇంకాస్త తెలివైన దారి పట్టింది. ఎంత శాతం హైలైట్లు పోయినా పర్వాలేదో మనల్నే చెప్పమంది. దీపాలు పోతే పోనీ, చీర మిగలాలి. ఇంతే కదా కావలసింది!

హిస్టోగ్రామ్‌ను అలా కుడికి జరిపి తీస్తే వెనక స్క్రీన్ మీద ఫోటో వెలిసిపోయి కనబడుతుందని, కొన్నవాడు తిడతాడని కంపెనీల భయం కావచ్చు. దానికీ విరుగుడుంది. తెరిచేటప్పుడు వెలుగు ఎంత తగ్గించాలో ఫైల్లోనే రాసిపెట్టొచ్చు. డీఎన్‌జీ అనే రా ఫార్మాట్‌లో బేస్‌లైన్ ఎక్స్‌పోజర్ అనే ట్యాగు అందుకే ఉంది.

ఇదంతా తనే చేసే బటన్ ఒకటి కెమెరాలో వచ్చేదాకా ముహూర్తానికి నేను ఆటో వాడను. స్పాట్ మీటర్‌ను చీర కుచ్చిళ్లలో ఎక్కువ తెల్లగా ఉన్న చోట పెట్టి, మాన్యువల్‌లో సూచిక ప్లస్ రెండు మీద నిలిచేలా చూసుకుంటాను. పందిట్లో లైట్లు మారనంతసేపూ మళ్లీ ముట్టుకోను.