బంతి లేని చోట

ఫార్వర్డ్ ఆడే పిల్లల తల్లిదండ్రులకు ఫుట్‌బాల్ చూడటం తేలిక. బంతి ఎటు పోతే కళ్లూ అటే పోతాయి. ఎప్పుడో ఒకప్పుడు గోల్ పడుతుంది, లేచి చప్పట్లు కొడతారు. మా అమ్మాయి సెంటర్ బ్యాక్. గోల్‌కీపర్ ముందు నిలబడి అవతలి జట్టు దాడిని ఆపడం తన పని. అది బాగా చేసిన రోజు మైదానంలో అసలేమీ జరగనట్టే ఉంటుంది. జరగకుండా పోయిన ఆ ప్రమాదాన్ని గుర్తుపట్టడం నాకు ఒక్కరోజులో రాలేదు, తన బాల్యమంతా పట్టింది. మొన్న మే నెలలో మా అమ్మాయి తన క్లబ్ జట్టుకు చివరి మ్యాచ్ ఆడేసింది. ఇక కాలేజీ చదువు, వేరే ఊరు. చూడటం అనే ఈ విద్య గురించి ఈ వారం రాయాలనిపించింది.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో. తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ ఊరు. ఎఫ్‌సి డాలస్ జట్టు ఆడే స్టేడియం 2005లో ఇక్కడ తెరిచారు. చుట్టూ పిల్లల మైదానాలు వరసగా ఉంటాయి. శనివారం పొద్దున అటు వెళితే మడత కుర్చీలు, నీళ్ల డబ్బాలు, జడలు బిగించి అల్లుకున్న ఆడపిల్లలు. నేను సికింద్రాబాద్‌లో చదువుకున్న ఆడపిల్లల స్కూల్లో ఆటలంటే త్రోబాల్, టెన్నికాయిట్. ఫుట్‌బాల్ అన్నయ్యలది. అమ్ముగూడ నుంచి వెళ్లి 1956 ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరామ్ గురించి నాన్నగారు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్లం గాని, ఆ బంతిని మేమూ తన్నొచ్చన్న ఊహ మా ఇంట్లో ఎవరికీ లేదు. అమెరికాలో 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థల్లో ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదంది. ఆటలూ ఆ లెక్కలోకే వచ్చాయి. ఇక్కడి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఇంత మామూలు విషయం అయిందంటే ఆ చట్టం చలవ చాలా ఉంది.

మా అమ్మాయి చిన్నప్పుడు జట్టుకు నలుగురే. గోల్‌కీపర్ కూడా ఉండదు. బంతి మూడో నంబరు సైజు. బెల్లం ముక్క చుట్టూ చీమల్లా ఎనిమిది మందీ బంతి చుట్టూ మూగేవాళ్లు. విరామంలో కమలాపండు ముక్కలు. ఆ వయసులో చూడటానికి విద్యేమీ అక్కర్లేదు, ప్రేమ చాలు.

తనకు ఎనిమిదేళ్లప్పుడు, 2015 చివర్లో, అమెరికా సాకర్ సమాఖ్య ఒక నిర్ణయం తీసుకుంది. పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదు. 11 నుంచి 13 ఏళ్ల వాళ్లకు ప్రాక్టీసులో పరిమితి. తలకు తగిలే దెబ్బల గురించి కొందరు తల్లిదండ్రులు, ఆటగాళ్లు కాలిఫోర్నియాలో కోర్టుకు వెళితే, రాజీలో భాగంగా వచ్చిన మార్పు అది. గట్టు మీద కొందరు తండ్రులు విసుక్కున్నారు, ఆట మెత్తబడిపోతోందని. నాకు మాత్రం ఆ రోజు నుంచి కంటినిండా నిద్ర పట్టింది. పెద్దలు పట్టుబట్టి అడిగితే ఆట నియమాలే పిల్లల కోసం మారతాయని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన ఇంకో మార్పు తన ఆటనే మలిచింది. ఏడుగురు ఆడే చిన్న మైదానంలో ఒక గీత గీశారు, బిల్డ్ అవుట్ లైన్ అంటారు. గోల్‌కీపర్ చేతికి బంతి వస్తే ప్రత్యర్థులంతా ఆ గీత వెనక్కి తగ్గాలి. కీపర్ చేతిలోని బంతిని గాల్లోకి తన్నెయ్యడానికి వీల్లేదు, అందుకని ఎక్కువగా దగ్గరున్న డిఫెండర్‌కు మెల్లగా అందిస్తుంది. అంతకుముందు భయపడి బంతిని బయటికి బాదేసే పిల్లలు, ఆ కాస్త జాగా దొరికేసరికి తలెత్తి చూడటం మొదలెట్టారు. మా అమ్మాయి తొణకకుండా బంతి అందుకోవడం అక్కడే నేర్చుకుంది. కోచ్ ఒక నెలంతా ఎడమ కాలితోనే పాస్‌లు ఇప్పించేవారు. అది చూసినప్పుడల్లా నాకు హైదరాబాద్ రహీమ్ సాబ్ గుర్తొచ్చేవారు. భారత జట్టును 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్లిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టేవారట. ఈ టెక్సస్ కోచ్ ఆయన పేరు విని ఉండరు. పిల్లకు ఏం కావాలో మనసు పెట్టి చూసే గురువులు ఏ దేశంలోనైనా అక్కడికే చేరతారేమో.

ఇక చూడటం సంగతి. పదకొండు మంది ఆడే పెద్ద మైదానానికి వచ్చాక బంతి ఏ ఒక్క పిల్ల దగ్గరా ఎక్కువసేపు ఉండదు. మిగతా సమయమంతా ఆ పిల్ల ఏం చేస్తోందో అదే అసలు ఆట. అటువైపు వింగ్‌లో బంతి ఉండగా మా అమ్మాయి ఇటు ఏం చేస్తోందో చూడటం మొదలుపెట్టాకే నాకు తన పని అర్థమైంది. భుజం మీదుగా వెనక్కి ఒక చూపు. చేత్తో పక్క డిఫెండర్‌కు సైగ. నలుగురూ ఒకే గీత మీద రెండడుగులు ముందుకు. అంతే, అవతలి ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో చిక్కుకుంటుంది, రావలసిన పాస్ రాదు. ఇప్పుడు చాలా మ్యాచ్‌లకు ఎత్తయిన స్టాండు మీద కెమెరా పెడుతున్నారు. మామూలుగా మన చేతికొచ్చే వీడియో బంతి వెంటే తిరుగుతుంది. ఆ రెండడుగులు అందులో ఉండవు. వాటిని గుర్తుపెట్టుకోవలసింది గట్టు మీద కూర్చున్నవాళ్లే.

రెండో సంగతి, నోరు. ఈ ఆటలో ఓవరుకీ ఓవరుకీ మధ్య తెరిపి ఉండదు, టైమ్ అవుట్‌లూ ఉండవు. మైదానంలో నిర్ణయం పిల్లదే, అదీ రెప్పపాటులో. కోచ్ గొంతు, తోటి పిల్లల పిలుపులు, వాటి మీద ‘కొట్టు కొట్టు’ అంటూ మన కేక. ఇన్నిట్లో పిల్ల ఏది వినాలి? అందుకే చాలా చోట్ల జట్లను ఒక గట్టున, తల్లిదండ్రులను ఎదుటి గట్టున కూర్చోబెడతారు. సైలెంట్ శాటర్డే అని, చప్పట్లు తప్ప మాట వినపడకూడని రోజులు పెట్టే లీగ్‌లు కూడా ఉన్నాయి. అలాంటి రోజున మొదటిసారి మా పిల్లల గొంతులు విన్నాను. “మనిషి ఉంది!” “టైమ్ ఉంది!” “తిప్పు!” అని వాళ్లలో వాళ్లు ఎంత చక్కగా మాట్లాడుకుంటున్నారో! ఆ మాటలు అన్నేళ్లూ మా కేకల కింద ఉన్నాయి. ఇంటికొచ్చే దారిలో కూడా మా ఇద్దరి ఒప్పందం అదే. ఆట గురించి ముందు తనే ఎత్తాలి. చాలాసార్లు “అమ్మా, ఆకలేస్తోంది” దగ్గరే ఆగేది. దానికీ సంతోషమే.

చివరి మ్యాచ్ మధ్యలో మెరుపులొచ్చి ఆపేశారు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలని ఇక్కడ నియమం. అందరం కార్లలో కూర్చున్నాం. మా కారులోకి తన జట్టు పిల్లలు ముగ్గురు దూరి, వెనక సీటులో నా పులిహోర డబ్బా ఖాళీ చేశారు. మళ్లీ మొదలయ్యాక అవతలి జట్టుకు కార్నర్ దొరికింది. అందరూ బంతిని చూస్తున్నారు. నేను తనను చూశాను. ఎగిరి నుదుటితో బంతిని బయటికి కొట్టింది. తలతో కొట్టకూడదని పెద్దలు అడ్డుకున్న వయసు దాటి, పద్ధతిగా నేర్చుకుని, తనంతట తను కొట్టిన హెడర్ అది. ఆ క్షణం నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మ్యాచ్ 1-1తో డ్రా అయింది. అయిపోయాక, వాళ్ల చిన్నప్పుడు చేసినట్టే, తల్లిదండ్రులం రెండు వరసల్లో నిలబడి చేతులెత్తి సొరంగంలా కట్టాం. ఇప్పుడు మాకంటే పొడుగైన పిల్లలు నడుం వంచి దాని కింద నుంచి పరిగెత్తారు.

పిల్లల ఆట ఇంకా మిగిలివున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. మ్యాచ్ జరిగేటప్పుడు ఫోన్ సంచిలో పెట్టేయండి. వెళ్లిపోయే ముందు రిఫరీ దగ్గరికి వెళ్లి థ్యాంక్స్ చెప్పండి. ఇక్కడ మొదటి మెట్టు రిఫరీ లైసెన్సుకు 13 ఏళ్లు నిండితే చాలు. చిన్నపిల్లల మ్యాచ్‌లో విజిల్ పట్టుకున్నది చాలాసార్లు ఎనిమిదో తరగతో, తొమ్మిదో తరగతో చదివే బిడ్డ. పెద్దల తిట్లు పడలేక ఆ పిల్లలు మానేస్తే మీ పిల్లల ఆట నడిపించేవాళ్లు ఉండరు.