నల్లజాతి వ్యాసవాఙ్మయమున ‘నేను’

తెలుగున ‘జాతి’ యను పదమునకు అర్థములు పెక్కు. దేశప్రజ జాతియే; కులము జాతియే; దేహపు రంగును బట్టి ఏర్పరచిన విభాగమును జాతియే. ‘వర్ణము’ అను పదమునందును ఇట్టి చిక్కే కలదు. రంగును, చాతుర్వర్ణ్యములోని వర్గమును ఆ యొక్క మాటలోనే ఇమిడియున్నవి. ‘అస్తిత్వము’ సంగతియు అట్టిదే. ఐరోపా తత్త్వశాస్త్రములోని అస్తిత్వవాదమును చెప్పుటకు వాడిన పదమే తరువాత దళిత, స్త్రీ, మైనారిటీ, ప్రాంతీయ చైతన్యములను సూచించుటకును వాడుకలోనికి వచ్చినది. పరిభాష ఇట్లు పెనవేసికొనియున్నపుడు జాతిని, అస్తిత్వమును, సంస్కృతిని గూర్చిన వాఙ్మయమును చర్చించుటకు ముందు హద్దులు గీచికొనుట అవసరము. కావున ఈ వ్యాసమున జాతి శబ్దమును రంగును బట్టి ఏర్పడిన విభాగమను అర్థముననే గ్రహించి, అమెరికా నల్లజాతి రచయితల వ్యాసములను మాత్రమే పరిశీలింతును.

ఈ వ్యాసములను చదువువారియందు సాధారణముగా రెండు దృష్టులు కానవచ్చును. ఇవి సాంఘిక చరిత్రకు సాక్ష్యములనియు, ఇందు సాహిత్యగుణమును వెదకనక్కరలేదనియు మొదటి దృష్టి. అనుభవించినవాడే వ్రాసెను గనుక ఇవి విమర్శకు అతీతములని రెండవది. మొదటిదానియందు ఉపేక్ష కలదు. రెండవదానియందు గౌరవము కలదు. ఫలితము మాత్రము ఒక్కటే. రెండును రచనను చదువక విడిచిపెట్టును. ఈ వ్యాసములలోని ‘నేను’ సాక్షి చెప్పు ‘నేను’ కాదనియు, పరిశోధనకు సాధనమైన ‘నేను’ అనియు నా ప్రతిపాదన.

డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్ (1868–1963) హార్వర్డ్ విశ్వవిద్యాలయమున 1895లో డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడు; చరిత్రకారుడు, సమాజశాస్త్రజ్ఞుడు. 1903లో వెలువడిన ఆయన గ్రంథము ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’, అనగా నల్లజనుల ఆత్మలు, పదునాలుగు అధ్యాయముల సంపుటి. మొదటి అధ్యాయమునకు పూర్వరూపము 1897లోనే ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికయందు ప్రకటితమైనది. అందు బాల్యమునాటి ఒక ఘటన కలదు. పాఠశాలలో పిల్లలు పరిచయపు చీట్లు ఇచ్చిపుచ్చుకొనుచుండగా, క్రొత్తగా వచ్చిన ఒక బాలిక ఈ బాలుని చీటిని నిరాకరించును. అంతియే కథ. కొట్టుట లేదు, తిట్టుట లేదు. కాని ఆ చూపుతో తనకును ఇతరులకును నడుమ ఒక తెర కలదని ఆ బాలుడు గ్రహించెను. ఎల్లప్పుడు తన్ను తాను పరుల కన్నులతో చూచుకొనవలసివచ్చు స్థితికి, ఒకే దేహమున అమెరికనుగను నల్లవాడుగను రెండు చైతన్యములు పెనగులాడు స్థితికి డుబోయిస్ ఇచ్చిన సూత్రీకరణ సుప్రసిద్ధము. ద్వంద్వచైతన్యమను ఈ భావమును ఉదాహరించువారు పెక్కురు. ఆ భావము గ్రంథనిర్మాణమున ఎట్లు నడచినదో చూచువారు తక్కువ.

ప్రతి అధ్యాయమునకు ముందు ఆయన రెండు శీర్షభాగములను ఉంచెను. ఒకటి పద్యభాగము, చాలవరకు ఐరోపా, అమెరికా శ్వేతకవులది. దాని క్రింద పాశ్చాత్య స్వరలిపిలో ఒక సంగీతఖండము, బానిసల దుఃఖగీతములలోనిది. దానికి మాటలు లేవు, పేరు లేదు. నాటి విద్యావంతుడైన శ్వేతపాఠకుడు పై పద్యమును వెంటనే గుర్తింపగలడు. క్రింది స్వరమును గుర్తింపలేడు. ఈ మౌనస్వరముల రహస్యము దుఃఖగీతములను గూర్చిన కడపటి అధ్యాయమున విప్పబడును. ఆ అధ్యాయమునకు పైనుంచిన పద్యభాగము సైతము నల్లవారి పాటయే. తెర యనునది ఉన్నదని చెప్పుటతో డుబోయిస్ తృప్తిపడలేదు. పాఠకుని ఆ తెరకు ఈవల నిలువబెట్టెను. మన ఆలంకారికుల మాటలో చెప్పవలెనన్న, వాచ్యముగా చెప్పిన ద్వంద్వచైతన్యము కంటె పుట యమరికవలన ధ్వనించిన ద్వంద్వచైతన్యము బలవత్తరము.

పదునొకండవ అధ్యాయము రెండేండ్లైనను నిండక మరణించిన ప్రథమపుత్రుని గూర్చినది. ఈ శోకరచనలో విమర్శకుడు ఆగవలసిన తావు ఒకటి కలదు. బిడ్డ జుట్టున బంగారు ఛాయను చూచి తండ్రి కలతపడును. బానిసత్వకాలపు రక్తసంకరచరిత్ర అంతయు ఆ ఛాయలో ఆయనకు కనబడును. కన్నబిడ్డను చూచు చూపునందు కూడ వర్ణరేఖ జొరబడినది! పిమ్మట బిడ్డ ఆ తెర క్రింద పెరుగక తప్పించుకొనెనను ఒక ఘోరమైన ఊరట దుఃఖమధ్యమున తలయెత్తును. సాక్ష్యము మాత్రమే కోరిన రచయిత ఇతరుల క్రౌర్యమును వర్ణించి ఊరకుండును. డుబోయిస్ తన వాత్సల్యమునే పరీక్షకు పెట్టెను. సాధనమైన ‘నేను’ అని పైన చెప్పినది దీనినే.

1926 జూన్‌లో ‘ది నేషన్’ పత్రికయందు ఈ ప్రశ్న మరియొక రూపము దాల్చెను. అమెరికాలో ప్రత్యేకమైన నల్లజాతి కళ యనునది లేదని జార్జి షైలర్ వాదించెను. మరుసటి వారము లాంగ్‌స్టన్ హ్యూస్ బదులు చెప్పెను. నల్లకవిగా గాక కేవలము కవిగా ఉండగోరిన ఒక యువకుని కోరికలో, తెల్లవాడు కావలెనను కోరిక దాగియున్నదని హ్యూస్ తర్కము. వాదము పదునైనదే. అయినను సంస్కృతి ఒక కొండవలె ముందే నిలిచియున్నదని, రచయిత దానిని ఎక్కుటయే తరువాయి అని తలచినచో డుబోయిస్ చూపిన లోపలి పెనగులాట మరుగుపడును.

ఆ పెనగులాటను మరల పైకి తెచ్చినవాడు జేమ్స్ బాల్డ్విన్ (1924–1987). 1949 నాటి వ్యాసమున ఆయన ‘అంకుల్ టామ్స్ కేబిన్’ మొదలు రిచర్డ్ రైట్ ‘నేటివ్ సన్’ వరకు గల నిరసననవలను విమర్శించెను. మనుష్యుని వర్గనామముగా కుదించుట పీడకుని పని. ఆ పనినే సదుద్దేశముతో రచయితయు చేయుచున్నాడని ఆయన ఆక్షేపము. 1963లో ఇర్వింగ్ హౌ రైట్ పక్షమున నిలువగా, నల్లరచయితకు నిరసన యొక్కటే మార్గమా యని రాల్ఫ్ ఎల్లిసన్ ప్రత్యుత్తరమిచ్చెను. బాల్డ్విన్ తీర్పు రైట్ విషయమున కఠినమైనదే. ‘నేటివ్ సన్’ నాయకుని భయమును, ఆగ్రహమును రైట్ నిర్మించిన తీరునందు కేవల వర్గనామమునకు లొంగనిది చాల కలదు. కాని ఆక్షేపమునకు మూలమైన సూత్రము దృఢమైనది.

ఆ సూత్రమునకు బాల్డ్విన్ ఇచ్చిన ఉదాహరణము 1953 నాటి ‘స్ట్రేంజర్ ఇన్ ది విలేజ్’. నల్లవానిని ఎన్నడును చూడని ఒక స్విట్జర్లాండ్ కొండపల్లెలో ఆయన నివసించెను. జనులు ఆయన జుట్టును తాకుదురు. చేతిరంగు అంటుకొనునేమో యని చూతురు. వారియందు ద్వేషము లేదు. అయినను వారి ఆశ్చర్యములో తాను మనుష్యుడుగా లేడని ఆయన గుర్తించును. అక్షరజ్ఞానము లేని పల్లెవాడు సైతము షేక్స్‌పియరుకు, మైకెలాంజిలోకు సహజవారసుడు, తాను కాడు. ఇంతటితో ముగిసినచో ఇది ఫిర్యాదుపత్రము. కాని వ్యాసము అట్లాంటికు నావలకు మరలును. ఈ పల్లెకు తాను పరాయివాడు కావచ్చును, అమెరికాకు కాడు. అచ్చటి తెల్లవాడు తన్ను పరాయివానిగా చూచుటకు ఎంత యత్నించినను అది చరిత్రకు విరుద్ధము. ఒంటరి ‘నేను’తో మొదలైన వ్యాసము ఉభయజాతుల ఉమ్మడి చరిత్రలో అంతమగును.

ఈ చర్చతో తెలుగు విమర్శకు పనియేమి యని ప్రశ్నింపవచ్చును. 1946లో అంబేద్కర్ డుబోయిస్‌కు లేఖ వ్రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవారు సమర్పింపదలచిన వినతిపత్రమును గూర్చి విచారించెను. పీడితుల నడుమ ఈ సంబంధము యథార్థమైనది. అలెక్స్ హేలీ ‘రూట్స్’ మనకు సహవాసి అనువాదమున ‘ఏడుతరాలు’గా పరిచితము. అంతమాత్రమున కులమును జాతియు ఒకటే యనరాదు. పోలిక విషయమున గాక పఠనపద్ధతియందు ఉన్నది. జాషువ ‘గబ్బిలము’ను (1941) దుఃఖపత్రముగా మాత్రమే చదివినచో, కాళిదాసు మేఘమునకు మారుగా అశుభపక్షిగా ఎంచబడిన గబ్బిలమును దూతగా పంపుటలోని నిశితత్వము జారిపోవును. పద్యము క్రింద మౌనస్వరమును ఉంచిన చేయియు, సందేశకావ్యమున గబ్బిలమును నిలిపిన చేయియు చేసిన పని ఒక్క తీరుది. గౌరవింపబడు రూపమును గ్రహించి, ఆ గౌరవము ఎవరిని వెలివేసినదో దానిచేతనే చెప్పించుట.

నేడు మన విశ్వవిద్యాలయములలో అస్తిత్వసాహిత్యముపై పరిశోధనలు విస్తారముగా జరుగుచున్నవి. వానిలో పెక్కింట రచయిత పుట్టుక మొదటి అధ్యాయము, ఇతివృత్తముల పట్టిక రెండవది, సాంఘిక ప్రయోజనము మూడవది. వాక్యమునకు అధ్యాయము లేదు. పుట్టుక రచయితకు అనుభవమును ఇచ్చును. దానిని పరీక్షించు వాక్యమును అతడే సంపాదించుకొనవలెను. ఆ సంపాదనను లెక్కింపని గౌరవము గౌరవము కాదు. ఎవరు మాటాడుచున్నారను ప్రశ్నతో పాటు ఎట్లు మాటాడుచున్నారను ప్రశ్నను గూడ అడుగుట పరిశోధకుల కర్తవ్యము.