పొట్టి కోడ్, లోతైన లెక్క

కార్డు నంబరులోనూ ఫోను ఐఎంఈఐలోనూ ఆధార్‌లోనూ చివరి అంకె ఊరికే వేసింది కాదు. ముందున్న అంకెలతో లెక్కకట్టి వేసింది. టైపు చేసేటప్పుడు ఒక్క అంకె మారినా ఆ లెక్క కుదరదు. దాన్ని సరిచూసే ప్రోగ్రామును వీలైనన్ని తక్కువ అక్షరాల్లో రాయడం ప్రోగ్రామర్లలో ఓ పోటీ. దాన్నే కోడ్ గోల్ఫ్ అంటారు. ఖాళీలు తీసేయడం, పేర్లు కుదించడం ఇందులో మొదటి మెట్టే. అసలు విద్య లెక్కను కొత్తగా చూడడంలో ఉంది.

పాత పుస్తకాల మీది పది అంకెల ఐఎస్‌బీఎన్ తీసుకుందాం. మొదటి అంకెను 10తో, రెండోదాన్ని 9తో, అలా చివరిదాన్ని 1తో గుణించి కూడితే వచ్చే మొత్తం 11తో శేషం లేకుండా భాగింపబడాలి. ఆరితేరినవాళ్లు ఈ గుణకారాల జోలికే పోరు. 0306406152లో అంకెలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే 0, 3, 3, 9, 13, 13, 19, 20, 25, 27 వస్తాయి. వీటన్నిటినీ మళ్లీ కూడితే 132, అంటే 11కు 12 రెట్లు. మొదటి అంకె పది మొత్తాల్లోనూ చేరింది, చివరిది ఒక్కదాంట్లోనే. గుణకారం కూడికలోనే జరిగిపోయింది.

క్రెడిట్ కార్డులకు వాడే పద్ధతి ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్‌ది. 1954లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1960లో వచ్చింది. ఇందులో కుడి నుంచి ప్రతి రెండో అంకెనూ రెట్టింపు చేయాలి. ఫలితం 10 గానీ అంతకు మించి గానీ వస్తే దాని రెండు అంకెలనూ కలపాలి. అన్నీ కూడిన మొత్తం సున్నాతో ముగియాలి. ఆ ‘వస్తే’ అన్న షరతుకే బోలెడు అక్షరాలు ఖర్చవుతాయి. దానికి బదులు అంకెను 11తో గుణించి, 5తో భాగించి, శేషం వదిలేస్తే చాలు. మొత్తంలో చివరి అంకే ముఖ్యం కాబట్టి ఒకట్ల స్థానం కలిస్తే సరి: 7కు 77, భాగిస్తే 15, ఒకట్ల స్థానంలో 5. పాత దారిలోనూ 14 నుంచి 1+4, అదే 5. షరతు అక్కర్లేకుండా పోయింది.

ఆధార్‌ది ఇంకా చిక్కైనది. 1969లో డచ్ గణితవేత్త యాకోబస్ వెర్‌హూఫ్ ప్రచురించిన పద్ధతి అది. పక్కపక్కన ఉన్న 09, 90గా తారుమారైతే లూన్ పద్ధతి పట్టుకోలేదు, ఇది పట్టుకుంటుంది. పాఠ్యపుస్తకాలు దీనికి పెద్ద పట్టికలిస్తాయి. కుదించబోయినవాడికి వాటి గుట్టు తెలుస్తుంది: ఒక పట్టికలో మొదటి మార్పునే మళ్లీ మళ్లీ చేస్తే మిగతా వరసలన్నీ వస్తాయి, రెండోది పంచభుజిని తిప్పడం, బోర్లించడం నుంచి పుడుతుంది.

ఆఫీసు పనిలో మాత్రం ఇలా రాయకూడదు. అక్కడ తోటివాళ్లకు అర్థమయ్యేలా విడమరిచి రాయడమే మర్యాద. అయినా ఏ నియమాన్నైనా ఒకసారి కుదించి చూసినవాడికి అందులో ఏది అవసరమో ఏది కాదో తెలుస్తుంది. విద్యార్థులకు ఈ అభ్యాసం అందుకే కావాలి.

మీ అల్మరాలో 81తో మొదలయ్యే పది అంకెల ఐఎస్‌బీఎన్ ఉన్న పాత పుస్తకం ఒకటి తీయండి. చివర ఎక్స్ ఉంటే 10గా లెక్కించి, కాగితం మీద రెండుసార్లు కూడి చూడండి. ఆ తర్వాత కోడ్ రాయండి.