గాలిపై తేలిన గోళము

తపాలాబిళ్ళలు కూడబెట్టువానిని లోకము మెచ్చుకొనును. పాత వాక్యూమ్ క్లీనర్లను కూడబెట్టువానిని చూచి నవ్వును. అమెరికాలోను, బ్రిటనులోను ఇట్టి సేకర్తలు పలువురు కలరు. 1950 తరువాతి పదేండ్ల యంత్రములనిన వారికి మిక్కిలి మక్కువ. లోకపు నవ్వు అన్యాయమే. కాని ఆ సేకర్తలు యంత్రమునకు విలువ కట్టు తీరు కూడ విమర్శకు నిలువదు.

వారు ముచ్చటపడు వానిలో హూవర్ కంపెనీవారి 'కాన్‌స్టెలేషన్' ఒకటి. పేరునకు నక్షత్రరాశి, రూపమునకు గ్రహము! నున్నని గోళము, నడినెత్తిన ఇటునటు తిరుగు గొట్టము. తొలి నమూనాలు తప్ప తక్కినవి చక్రములు లేక, తాము వదలు గాలిపైననే తేలును.

తేలుట ఎట్లు? వాక్యూమ్ క్లీనర్ దుమ్మును పీల్చుననుట వాడుకమాట. లోని పంకా గాలిని వెలికి నెట్టగా లోపల పీడనము తగ్గును. బయటి వాతావరణ పీడనమే దుమ్మును గొట్టములోనికి త్రోయును. సంచిలో దుమ్మును విడిచిన గాలి తక్కిన యంత్రములలో వృథాగా పోవును. దీనిలో దానిని అడుగునకు మళ్ళించిరి. యంత్రపు బరువు 6 కిలోలు, అడుగున గాలి నిలుచు వలయపు వ్యాసము 30 సెంటీమీటర్లు అనుకొన్నచో, వైశాల్యము సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 8.5 గ్రాముల బరువుపాటి అదనపు పీడనము చాలును. వాతావరణ పీడనము అంతే చోట 1,033 గ్రాములు. అందులో నూరవ వంతైనను కాదు. హైస్కూలు విద్యార్థి ఒక నిముషములో కట్టగల లెక్క ఇది. 1959 జూలై 25న ఇంగ్లీషు ఛానలు దాటిన హోవర్‌క్రాఫ్టు కూడ ఇట్టి గాలిమెత్తపైననే నడచినది.

తివాచీపైనను ఈ గోళము తేలును.     భౌతికశాస్త్ర పాఠముగా ఇది గెలిచినది.

క్రోమియపు మెరుపు, చెదరని రంగు, విప్పని అట్టపెట్టె చూచి ధర పలుకువారికి ఈ పాఠము పట్టదు. ఆడని కాన్‌స్టెలేషన్ ఒక ఇనుపబంతి. దాని విశేషమంతయు గాలి నడచు దారిలో నున్నది. ముందుగా చెడునదియు ఆ దారియే. రబ్బరు గట్టిపడి బీటలు వారును, గొట్టపు నేతలో గాలి కారును, మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరుగును. వీనిని మార్చిన అసలుతనము పోవునని జంకుట పొరపాటు. మార్చి, ఏది మార్చినదియు వ్రాసి ఉంచవచ్చును.

పీడనము కొలుచుటకు ఖరీదైన సాధనములక్కరలేదు. యూ ఆకారపు గాజుగొట్టములో నీరు పోసి, ఒక కొనను యంత్రపు గొట్టమునకు బిగించి, మట్టముల భేదము చూడవలెను. ఒక మీటరు భేదమనగా పీడనము వాతావరణ పీడనములో దాదాపు పదవ వంతు తగ్గినదన్నమాట. కొమ్మలు రెండున్నర మీటర్ల పొడవుండవలెను, లేనిచో నీరు మోటారులోనికి పోవచ్చును. సేకర్తల జాబితాలలో రంగు వర్ణన ఎంతైన ఉండనీ, దాని ప్రక్కన ఈ అంకె కూడ ఉన్నచో అది శాస్త్రమునకు పనికివచ్చు జాబితా అగును. అమెరికాలో అమ్మిన యంత్రమును ఇచ్చట పరీక్షింపదలచువారు ట్రాన్స్‌ఫార్మరు వాడవలెను. 120 వోల్టులకు నిర్మించిన మోటారును 230 వోల్టులకు నేరుగా తగిలించిన మాడిపోవును.