గంతలు కట్టుకుంటే తెలిసేదెంత?

ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు. ఆ రోజుల్లో కళ్లకు గంతలు కట్టుకుని నడిపించే కార్యక్రమాలు చాలా ఊళ్లలో పెడతారు. చూపు పోవడం గురించి కథ రాసేవాళ్లూ, వేషం కట్టేవాళ్లూ కూడా తరచూ ఆ గంతల దగ్గరే మొదలుపెడతారు. నా పేచీ అక్కడే. చూపు పోతున్నవాళ్లలో చాలామందికి ఎదురయ్యేది గంతల చీకటి కానేకాదు.

భిలాయ్ సంగతే చూద్దాం. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఉక్కు ఊళ్లో కరిగిన లోహాన్ని నీలం అద్దంలోంచి చూస్తారు. ఆ వేడిలోని పరారుణ కిరణాలు ఏళ్ల తరబడి సోకితే కంట్లో శుక్లం ఏర్పడవచ్చు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం దీన్ని వృత్తివ్యాధిగానే గుర్తించింది. కంటి కటకం వెనకవైపు మసక కమ్మినవాళ్లను మబ్బు పూటకన్నా మిట్టమధ్యాహ్నమే ఎక్కువ బాధిస్తుంది. రాత్రి రెండో షిఫ్టు దిగి రోడ్డెక్కితే ఎదురొచ్చే లారీ లైటు కళ్ల ముందు చెదిరిపోతుంది. వెలుతురు ఎక్కువై కనబడకపోవడాన్ని గంతలు ఎలా చూపిస్తాయి? శుక్లానికి ఆపరేషనుంది, చాలామందికి చూపు తిరిగొస్తుంది. నీటికాసుల్లో (గ్లకోమాలో) పోయిన చూపు మాత్రం రాదు. అది చాలామందిలో ముందు పక్కచూపును తినేస్తుంది. పేపరు చదివే మనిషే పక్కనుంచి వచ్చే సైకిలును గుద్దుకుంటాడు. అది చూసి ‘నటిస్తున్నాడు’ అనేది మనమే.

అదే చట్టం ఒక కంటి చూపు పోయి రెండోది బాగుంటే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమంది, కన్నే పోతే 40 అంది. పరిహారానికి ఏదో ఒక అంకె ఉండాలి, కాదనను. అయితే లోతు అంచనాతో బతికే క్రేన్ డ్రైవరుకూ, బల్ల ముందు కూర్చునే గుమాస్తాకూ అదే 30. అంకెకు అందని ఈ తేడాయే రాసేవాడి సరుకు. ఏ పని చేజారింది, ఏది నిలిచింది, మనిషి కొత్తగా ఏం నేర్చాడు అన్నది రాయాలి.

గంతలు కనీసం జాలైనా పుట్టిస్తాయి కదా అంటారు. పుట్టిస్తాయి, చిక్కు కూడా అదే. అమెరికాలో ఏరియల్ సిల్వర్‌మన్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, అంధత్వాన్ని అలా అనుకరించినవాళ్లు అంధుల పనిసామర్థ్యాన్ని మరింత తక్కువగా అంచనా కట్టారు. గంతలు ఇచ్చేది తొలి నిమిషాల తడబాటునే కదా, ఏళ్ల నేర్పు అందులో ఎక్కడిది? ఇంగ్లండు ప్రొఫెసరు జాన్ హల్ చూపు పూర్తిగా పోయాక తన అనుభవాన్ని కేసెట్లలో చెప్పుకున్నారు, 1990లో అది పుస్తకమైంది. చుట్టూ ఉన్న వస్తువుల ఆకారాలు వాన చప్పుడులో తెలియడం గురించి ఆయన చెప్పింది ఏ గంతల నడకలోనూ దొరకదు.

మరి చూపున్నవాళ్లు రాయకూడదా? నిరభ్యంతరంగా రాయొచ్చు, అడిగి రాయాలి. వచ్చే పక్షోత్సవాలు నడిపేవాళ్లకు ఒక మనవి. గంతలు పక్కన పెట్టి, నడివయసులో చూపు పోగొట్టుకున్న మనిషిని పిలవండి. తెల్లకర్రతో రోడ్డెలా దాటుతారో, ఫోను చేత ఉత్తరమెలా చదివించుకుంటారో ఆ మనిషినే నేర్పమనండి.