మైక్రోటోమ్ తిప్పే చెయ్యి

కాన్సర్ సంస్థల్లో నేను ముందుగా నమస్కరించేది ప్రయోగశాలలో మైక్రోటోమ్ (కణజాలాన్ని పలుచని పొరలుగా కోసే యంత్రం) తిప్పే టెక్నీషియన్‌కి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రిలోనైనా, ముంబై టాటా మెమోరియల్‌లోనైనా పని ఇదే. ఫార్మలిన్‌లో నానిన కణజాలాన్ని పారఫిన్ మైనంలో దిమ్మెగా పోసి, 3 నుంచి 5 మైక్రాన్ల మందాన కోస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఉల్లిపొర కూడా దీని ముందు మందమే! ఆ పొర గోరువెచ్చని నీటిమీద ముడత లేకుండా విచ్చుకోవాలి, గాజుపలక మీదికి ఎక్కాలి. బ్లేడుకు గాటుంటే గీతలు పడతాయి. దిమ్మె చల్లగా లేకపోతే పొర నలుగుతుంది. యంత్రం ఎంత మంచిదైనా చెయ్యి కుదరాలి. తర్వాత హెమటాక్సిలిన్ అనే రంగు కణకేంద్రకాలకు నీలం అద్దుతుంది, ఇయోసిన్ మిగతాదానికి గులాబీ. మిగిలిన దిమ్మెలను భద్రపరుస్తారు: ఏళ్ల తర్వాత కొత్త పరీక్ష వచ్చినా పరిశోధకులు వాటినే మళ్లీ కోయించుకుంటారు. గాజుపలకను చూసి రాసే రిపోర్టు కింద పెథాలజిస్టు సంతకం ఉంటుంది. పక్కనే ఈ టెక్నీషియన్ పేరూ ఉండాలి.